గోడ దాటడానికి మెట్లు కట్టిన ఊరు

పోస్టు చాలా పెద్దది. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

ఊరొచ్చిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒకటే, లండన్ ఎలా ఉంది అని. మేము లండన్ చూడలేదు. మాంచెస్టర్‌లో విమానం దిగి, రైలెక్కి షెఫీల్డ్ వెళ్ళాం. మూడు వారాలు అక్కడే. మళ్ళీ అదే రైలు, అదే విమానం. కానీ ఆ మూడు వారాల్లో ప్రతి శనివారం, ఆదివారం ఒక పల్లెటూరి చుట్టుపక్కల కొండల్లో తిరిగాం. దాని గురించే ఇది.

ముందు మా సంగతి. మేము ముగ్గురం. ఒకే హాస్టల్, ఒకే గది. మూడు ఇళ్ళల్లోనూ కాలేజీ మొహం చూసిన మొదటివాళ్ళం మేమే. ఇద్దరిది పాడేరు పక్క, ఒకరిది గోదావరి ఒడ్డున పాపికొండల లోపల. ఎవరు ఏమన్నామో విడివిడిగా రాస్తే మా మధ్య గొడవలొస్తాయి కాబట్టి ముగ్గురం కలిసే రాస్తున్నాం. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలయ్యాక ఈ వేసవి కోర్సుకి ఎంపికయ్యాం. ఖర్చు దాతలు పెట్టుకున్నారు. ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, టెన్త్ మెమోలో ఇంకో తేదీ ఉండటం వల్ల పాస్‌పోర్టు కోసం పడ్డ తిప్పలు ఇంకో రోజు రాస్తాం. ఎందుకంటే అదీ ఇంతే పెద్దది.

కోర్సులో మాకు తోడుగా ఉండమని ఒక పెద్దావిడని పెట్టారు. డెబ్బై దాటి ఉంటాయి. రిటైర్డ్ టీచర్. పేరు పెట్టి పిలవమంది. మా నోరు తిరగలేదు. అంత వయసు ఆవిడని పేరు పెట్టి పిలిస్తే మా ఇంట్లో చీపురు కట్టతో కొడతారని చెప్పాం. మరి ఏమని పిలుస్తారంది. 'అమ్మమ్మ' అన్నాం. ఆ రోజు నుంచి ఆవిడ మాకు అమ్మమ్మే. ఫోన్‌లో మెసేజ్ పెట్టినా కింద అమ్మమ్మ అనే రాసేది.

మొదటి శనివారం అమ్మమ్మ మమ్మల్ని రైలెక్కించింది. షెఫీల్డ్ దాటగానే రైలు సొరంగంలో దూరింది. ఎంతకీ బయటికి రాదే! టాట్లీ సొరంగం, ఐదున్నర కిలోమీటర్లకు పైగా, 1893లో తెరిచారట. అరకు రైల్లో యాభై ఎనిమిది సొరంగాలు దాటినవాళ్ళం మేము, ఒక్కో సొరంగంలో కేకలు వేసే అలవాటు. ఇక్కడ కేక వేస్తే గొంతు పోతుంది అనుకుని నోరు మూసుకున్నాం. బయటికి రాగానే పచ్చటి లోయ. హోప్ అనే స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి కాసిల్టన్ ఊరికి వెళ్ళాం.

ఊరు బాగుంది. అన్నీ రాతి ఇళ్ళే. చిన్న వాగు ఊరి మధ్యలోంచి పోతుంది. ఆ రాత్రికి ఉండే చోటు పేరు యూత్ హాస్టల్ అని చదివి ముగ్గురం నవ్వుకున్నాం. వార్డెన్ లేదు, రోల్ కాల్ లేదు, పప్పులో నీళ్ళు లేవు. అసలు పప్పే లేదు. మేము తీసుకెళ్ళిన చోడి పిండితో అక్కడి వంటగదిలో అంబలి కాచి ఫ్లాస్కులో పోసుకున్నాం. రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ చీకటి పడలేదు.

కొండలు చూడగానే మాకు తోచింది ఏంటంటే, వీళ్ళ కొండలకి చెట్లు లేవు. గడ్డి, గొర్రెలు, రాళ్ళ గోడలు. గోడలకి సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చారంతే. కొండ మీదికి కూడా గీత గీసినట్టు పోతుంటాయి. చూడ్డానికి అందంగా ఉన్నాయని ఫొటోలు తీసుకున్నాం. ఆ గోడల సంగతి తర్వాత తెలిసింది. ఒకప్పుడు ఊరందరూ పశువుల్ని మేపుకునే ఉమ్మడి భూములు చాలా ఉండేవట. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో పార్లమెంటులో చట్టాలు చేసి వాటిని ముక్కలు చేసి పెద్ద రైతులకి, భూస్వాములకి పంచేశారు. పంచాక ఎవరి ముక్కకి వాళ్ళు గోడ కట్టుకున్నారు. మేము ఫొటో తీసుకున్న గోడల్లో చాలా వరకు అప్పటివే.

ఆదివారం పొద్దున్న నడక మొదలైంది. ఊరు దాటగానే అమ్మమ్మ ఒక రైతు పొలంలోకి దారి తీసింది. మేము ఆగిపోయాం. పొలం ఎవరిదో, లోపల ఆవులున్నాయి, అడగకుండా ఎలా వెళ్తాం? ఆవిడ ఒక కర్ర మీద పసుపు బాణం గుర్తు చూపించింది. ఆ గుర్తుంటే అందులోంచి నడిచే హక్కు అందరికీ ఉందట. పొలం రైతుదే, దారి మాత్రం అందరిది. గోడ అడ్డొచ్చిన చోట దాటడానికి గోడలోనే రాతి మెట్లు కట్టి ఉన్నాయి. ఇలాంటి దారులు ఇంగ్లండ్, వేల్స్ కలిపి రెండు లక్షల కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. వందల ఏళ్ళుగా జనం చర్చికి, సంతకి, మిల్లుకి నడిచిన దారులే ఇవి. రికార్డులో ఎక్కించారు. రైతు వాటిని మూసేయడానికి లేదు.

అయినా మాకు భయం పోలేదు. కాసేపటికి ట్రాక్టర్ మీద ఒకాయన వచ్చాడు. మేము గబగబా పక్కకి తప్పుకున్నాం, ఏం అడుగుతాడో అని ముఖాలు చూసుకున్నాం. ఆయన చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. అంతే. ఎవరు మీరు అనలేదు, ఎక్కడికి అనలేదు, సంచిలో ఏముంది అనలేదు.

ఇది చదివితే మీలో చాలామందికి ఏం గుర్తొస్తుందో మాకు తెలుసు. మాలో ఒకరి అమ్మ అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకుని సంతకి వెళ్తుంటే ఒక చెక్‌పోస్టు దగ్గర దించమన్నారు. అప్పుడు మాకు ఎనిమిదేళ్ళు, చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నాం. కట్ట విప్పి, ఆకులన్నీ నేల మీద పోసి, ఏమీ లేదని చూసి, వెళ్ళమన్నారు. మళ్ళీ కట్టుకునేసరికి సంత సగం అయిపోయింది. అమ్మ ఏమీ అనలేదు, తిట్టను కూడా లేదు. మేము పుట్టిన కొండ అది. ఇంగ్లండ్‌లో ఎవడి పొలంలోనో ఆవుల మధ్య నడుస్తూ ఆ ఆకుల కట్ట తలుచుకుంటామని అప్పుడు అనుకోలేదు.

మధ్యాహ్నం కోట ఎక్కాం. పెవెరిల్ కోట, ఊరి నెత్తినే ఉంటుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక విలియం పెవెరిల్ అనేవాడు కట్టించాడు. 1086లో రాసిన డూమ్స్‌డే పుస్తకంలోనే దీని పేరుంది. ఇప్పుడు మిగిలిన చదరపు బురుజు మాత్రం 1176లో రెండో హెన్రీ రాజు కట్టించింది. ఎక్కేటప్పుడు తెల్లవాళ్ళందరూ ఆగి ఆగి రొప్పుతుంటే మేము మాట్లాడుకుంటూ ఎక్కేశాం. ఈ ఒక్క విషయంలో మా ముగ్గురికీ ఫస్ట్ క్లాస్.

పైన బోర్డు మీద ఈ కోట నుంచి 'పీక్ ఫారెస్ట్'ని పాలించేవారని ఉంది. చుట్టూ చూస్తే చెట్టు లేదు. ఫారెస్ట్ ఏదీ అని అడిగాం. అప్పుడు అమ్మమ్మ చెప్పింది విని గోడ మీద కూర్చుండిపోయాం. ఆ రోజుల్లో ఫారెస్ట్ అంటే చెట్లున్న చోటు అని కాదట. రాజు వేటకి పక్కన పెట్టుకున్న నేల అని అర్థం. చెట్లున్నా లేకపోయినా, ఊళ్ళున్నా, పొలాలున్నా సరే, రాజు గీత గీస్తే అది ఫారెస్ట్. మామూలు చట్టం అక్కడ చెల్లదు. వేరే చట్టం, వేరే కోర్టు, వేరే గార్డులు. జింకని చంపితే కఠినమైన శిక్ష. కట్టెలు కొట్టాలన్నా, కొత్తగా పొలం చేసుకోవాలన్నా, పందుల్ని మేపాలన్నా అనుమతి, జరిమానా. చివరికి 1217లో అడవి చార్టర్ అని ఒకటి రాయించుకున్నారు. జింక కోసం ఇకమీదట ఎవరి ప్రాణమూ, అవయవమూ తీయకూడదని అందులో ఉంది. అంటే అంతకుముందు తీసేవాళ్ళన్నమాట.

చెట్లు లేకపోయినా ఫారెస్ట్. ఈ మాట మాకు కొత్తగా అనిపించలేదు. మన దగ్గర మెట్ట మీద చోళ్ళు, సామలు పండుతున్నా కాగితం మీద అది రిజర్వ్ ఫారెస్టే కదా. 1882లో మద్రాస్ అటవీ చట్టం తెచ్చింది ఈ దేశం వాళ్ళే. వాళ్ళు మన మీద పెట్టింది కొత్తగా కనిపెట్టిన పద్ధతి అనుకునేవాళ్ళం. వీళ్ళ సొంత రైతుల మీద ఎనిమిది వందల ఏళ్ళ ముందే పెట్టారు. అది విని సంతోషించాలో, కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఇద్దరికి కోపం వచ్చింది, ఒకరు నవ్వారు.

కోట కిందే పెద్ద గుహ ఉంది, పీక్ కావర్న్. స్థానికులు దానికి పెట్టుకున్న అసలు పేరు ఇక్కడ రాయలేం, పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. దాని ముఖద్వారంలో నాలుగు వందల ఏళ్ళు తాళ్ళు పేనేవాళ్ళు పని చేశారు, కొన్ని కుటుంబాలు ఆ గుహలోనే ఇళ్ళు కట్టుకుని బతికాయి. పొగకి పైకప్పు ఇప్పటికీ నల్లగా ఉంది. బొర్రా గుహలంత లోపలి అందం మాకు కనపడలేదు. మా పక్షపాతం అనుకోండి.

గుహ చూశాక మామ్ టార్ వైపు నడిచాం. తల్లి కొండ అని అర్థమట. 517 మీటర్లు. పైన మూడు వేల ఏళ్ళ నాటి మట్టి కోట గట్లు ఉన్నాయి. కానీ మాకు నచ్చింది దాని కింద రోడ్డు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కొండ పక్కగా రోడ్డు వేశారు. కొండ జారుతూనే ఉంది, వాళ్ళు పోస్తూనే ఉన్నారు. చివరికి 1979లో ఇక మా వల్ల కాదని మూసేశారు. తారు పొరలు పొరలుగా విరిగి, ఒక ముక్క పైన, ఒక ముక్క కింద, తెల్ల గీతలు మధ్యలో తెగి ఉన్నాయి. వానాకాలంలో మన ఘాట్ రోడ్డు అచ్చం ఇలాగే. అయితే వీళ్ళకి ఆ ఊరికి వేరే దారి ఉంది.

రెండో వారం దారి గురించే రాయాలి. కాసిల్టన్‌కి ఒక పక్క కొండ వరుస, దాని అవతల లోయలో ఈడేల్ అనే ఊరు. మధ్యలో కొండ మీద హాలిన్స్ క్రాస్ అనే కనుమ. మేము ఆ కనుమ దాటి ఈడేల్ వెళ్ళాం. ఎక్కుతుండగా అమ్మమ్మ చెప్పింది, దీన్ని శవపేటికల దారి అనేవారని. ఈడేల్‌లో 1633 దాకా చర్చి లేదు. ఎవరైనా చనిపోతే ఈ కొండ ఎక్కించి, దించి, కాసిల్టన్ చర్చికి మోసుకొచ్చి పాతిపెట్టేవాళ్ళు. మంచులో, వానలో, ఎప్పుడైనా.

మాలో ఒకరి పిన్నిని పురుడుకి డోలీలో మోశారు. దుప్పటి కర్రకి కట్టి, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. రోడ్డు దగ్గరికి ఆరు కిలోమీటర్లు. వాగు దాటేలోపు బిడ్డ పుట్టింది, బతికింది, ఇప్పుడు నాలుగో తరగతి. పిన్ని బతకలేదు. అదే డోలీలో అదే దారిలో వెనక్కి తెచ్చారు. అమ్మమ్మకి ఇది చెప్తే నడక ఆపి, ఇది ఏ సంవత్సరం అని అడిగింది. చెప్పాం. ఆవిడ మళ్ళీ అడిగింది, తను సరిగ్గా వినలేదేమో అని. నాలుగు వందల ఏళ్ళ కిందటి కథ ఆవిడ చెప్తే, పదేళ్ళు కూడా కాని కథ మేము చెప్పాం. చాలా దూరం ఎవరం మాట్లాడలేదు. గొర్రెలు మాత్రం అరుస్తూనే ఉన్నాయి.

ఈడేల్ నుంచి కిండర్ స్కౌట్ ఎక్కాం. 636 మీటర్లు, ఆ జిల్లాలో అదే ఎత్తయింది. మన కొండలతో పోలిస్తే చిన్నదే గానీ పైన వేరే లోకం. చెట్టు లేదు, గుడిసె లేదు, నల్లటి మెత్తటి నేల, పీట్ అంటారు. కాలు పెడితే దిగిపోతుంది. తెల్ల దూదిలాంటి పూల గడ్డి. ఒక్కసారిగా పొగమంచు కమ్మింది, పది అడుగుల దూరంలో మనిషి కనపడలేదు. మా బూట్లు షెఫీల్డ్‌లో సెకండ్ హ్యాండ్ షాపులో కొన్నవి, ఒక బూటు అడుగు ఊడి బురదలో ఉండిపోయింది. దాన్ని తాడుతో కట్టుకుని, రాళ్ళ చాటున కూర్చుని అంబలి తాగుతుంటే అమ్మమ్మ బెన్నీ రాత్‌మన్ కథ చెప్పింది.

ఈ కిండర్ కొండ మీద ఒకప్పుడు ఎవరూ అడుగుపెట్టకూడదు. ప్రభువులు, ధనవంతులు గ్రౌస్ పక్షుల్ని కాల్చడానికి ఉంచుకున్నారు. గ్రౌస్ అంటే మన కౌజు పిట్టలాంటిది. ఏడాదిలో కొన్ని రోజుల వేట కోసం ఏడాదంతా కాపలా. అటు మాంచెస్టర్, ఇటు షెఫీల్డ్, రెండూ మిల్లుల, ఫ్యాక్టరీల ఊళ్ళు. పొగలో పనిచేసే కుర్రాళ్ళకి ఉన్నది ఒక్క ఆదివారం. కొండ కళ్ళ ముందే ఉంటుంది, ఎక్కితే కాపలావాళ్ళు కర్రలతో వస్తారు. 1932 ఏప్రిల్ 24న, ఆదివారం, కొండకి అవతలి పక్క హేఫీల్డ్ అనే ఊరి దగ్గర దాదాపు నాలుగు వందల మంది పోగయ్యారు. చెప్పే ఎక్కారు. దొంగచాటుగా కాదు. స్టేషన్‌లో పోలీసులు కాచుకుని ఉంటారని రాత్‌మన్ సైకిల్ మీద వచ్చాడు. కొండ మీద కాపలావాళ్ళతో తోపులాట జరిగింది. తిరిగొచ్చేటప్పుడు పోలీసులు పట్టుకున్నారు. కొండ ఎక్కడం అప్పటి చట్టంలో నేరం కాదు, అందుకని అల్లర్లు చేశారని కేసు పెట్టారు. తీర్పు చెప్పిన జ్యూరీలో ఎక్కువమంది సైనికాధికారులు, భూస్వాములు. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది. రాత్‌మన్‌కి నాలుగు నెలలు.

అప్పుడు అతనికి ఇరవై ఏళ్ళు. మెకానిక్. మాకూ ఇరవయ్యే. మేము ఇరవైలో ఏం చేశామని ఒకరినొకరు చూసుకున్నాం. మెస్‌లో కోడిగుడ్డు తగ్గించారని ఒకసారి కంచాలు కొట్టాం, అంతే.

ఆ జైలు శిక్షలు చూసి జనానికి కోపం వచ్చింది. యుద్ధం అయ్యాక 1949లో చట్టం వచ్చింది, 1951లో ఈ కొండలే ఇంగ్లండ్‌కి మొదటి నేషనల్ పార్కు అయ్యాయి. 2000లో ఇంకో చట్టంతో ఇలాంటి బీడు కొండల మీద దారి వదిలి కూడా నడిచే హక్కు వచ్చింది. 2002లో, డెబ్బై ఏళ్ళ తర్వాత, ఆ కొండ ఒకప్పుడు ఎవరి కుటుంబానిదో ఆ డెవన్‌షైర్ డ్యూక్ వచ్చి, మా తాత చేసింది తప్పు అని అందరి ముందూ చెప్పాడు. రాత్‌మన్ ఆ ఏడాది జనవరిలోనే చనిపోయాడు. మూడు నెలల్లో తప్పిపోయింది.

ఇంగ్లండ్ అంతా ఇలా తిరగనిస్తారని మాత్రం అనుకోకండి. అలా ఎక్కడ పడితే అక్కడ నడిచే హక్కు ఉన్నది మొత్తం భూమిలో దాదాపు 8 శాతం మీదే. మిగతాదంతా గోడలే. అమ్మమ్మకి దాని మీద ఇప్పటికీ కోపమే, కర్రతో నేల మీద కొట్టి మరీ చెప్పింది.

అప్పుడు మేము మా కథ చెప్పాం. 1932కి సరిగ్గా పదేళ్ళ ముందు, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు, గంటం దొర, మల్లు దొర, మన వాళ్ళు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారని. అడవిలో తిరగనివ్వకపోవడం, పోడు కొట్టనివ్వకపోవడం, కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించడం, కారణాలు ఇవేనని. రెండేళ్ళు నడిచిందని, 1924 మే 7న రాజుని కాల్చేశారని, కొందరిని అండమాన్ పంపారని. ఆవిడ జీవితమంతా పిల్లలకి చరిత్ర చెప్పిన మనిషి. ఇది వినలేదంది. ఒకే ప్రభుత్వం కదా రెండు చోట్లా అంది. అవును, కానీ మీ వాళ్ళకి నాలుగు నెలలు, మా వాళ్ళకి తుపాకీ అన్నాం. కొంచెం గట్టిగానే అన్నామేమో. ఆవిడ బాధపడలేదు. ఊళ్ళ పేర్లు చెప్పమని నోట్‌బుక్కులో రాసుకుంది. స్పెల్లింగులు మేమే తప్పు చెప్పి ఉంటాం.

మూడో శనివారం లేడీబవర్ వెళ్ళాం. కాసిల్టన్‌కి దగ్గరే, బామ్‌ఫర్డ్ అనే ఊరు దాటితే పెద్ద రిజర్వాయర్. నీళ్ళ మధ్య రెండు పెద్ద బావుల్లాంటి గుండ్రటి రంధ్రాలు, నీళ్ళు ఎక్కువైతే అందులోంచి కిందికి పోతాయి. జనం వాటికే ఫొటోలు తీస్తున్నారు. మేమూ తీశాం. తర్వాత అమ్మమ్మ చెప్పింది, నీళ్ళ కింద రెండు ఊళ్ళున్నాయని. డెర్వెంట్, ఆషాప్టన్. 1935లో డ్యామ్ మొదలుపెట్టారు, 1945లో రాజు వచ్చి ప్రారంభించాడు. నీళ్ళు షెఫీల్డ్‌కి, డెర్బీకి, నాటింగ్‌హామ్‌కి, లెస్టర్‌కి. అంటే షెఫీల్డ్ కొళాయిలో మూడు వారాలుగా మేము తాగుతున్నది కూడా ఈ నీళ్ళేనేమో.

మా మూడో దాని ముఖం అప్పుడు చూడాల్సింది. అదే, పాపికొండల అమ్మాయి. (ఇది రాయమని తనే చెప్పింది, తనే పక్కన కూర్చుని చూస్తోంది.) గోదావరి మీద కడుతున్న ప్రాజెక్టు పేరు చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. వాళ్ళ ఊరు నీళ్ళల్లో ఉంది. ఇప్పుడు ఉండేది పునరావాస కాలనీ. అన్ని ఇళ్ళూ ఒకేలా, వెదురు లేదు, జీలుగు చెట్టు లేదు, పని కోసం ఆటోల్లో వేరే ఊళ్ళకి పోవడం.

తను వరసగా అడగడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో మాలో అందరికన్నా తక్కువ మాట్లాడేది తనే. ఆ రోజు మాత్రం ఆగలేదు. జనాన్ని ఎక్కడికి పంపారు? యార్క్‌షైర్ బ్రిడ్జ్ అనే చోట ఇళ్ళు కట్టించారు, అదిగో అక్కడే, ఇప్పటికీ ఉన్నాయి. చర్చి ఏమైంది? కూల్చారు, గోపురం మాత్రం గుర్తుగా ఉంచారు, కొన్నాళ్ళు నీళ్ళ మీద అది ఒక్కటే కనపడేది, 1947 డిసెంబర్‌లో దాన్నీ పేల్చేశారు. ఊళ్ళో పాత రాతి వంతెన ఉండేది కదా? రాయి రాయి విప్పి, పైన ఏటి మీద మళ్ళీ కట్టారు. కరువు సంవత్సరాల్లో నీళ్ళు తగ్గితే గోడలు బయటపడతాయి, అప్పుడు జనం చూడ్డానికి వస్తారు. మేము వెళ్ళినప్పుడు నీళ్ళు నిండుగా ఉన్నాయి, ఏమీ కనపడలేదు.

చివరికి అడిగింది, చనిపోయినవాళ్ళు ఏమయ్యారు అని.

తవ్వి తీసుకెళ్ళారు అంది అమ్మమ్మ. డెర్వెంట్ శ్మశానంలో ఉన్నవాళ్ళని తీసి బామ్‌ఫర్డ్ చర్చి దగ్గర మళ్ళీ పాతిపెట్టారు.

తను అక్కడికి వెళ్దామంది. బస్సుకి టైం అయిపోతోంది, వాన కూడా మొదలైంది. అయినా వెళ్ళాం. బామ్‌ఫర్డ్ చర్చి పొడుగ్గా సన్నటి గోపురంతో రోడ్డు పక్కనే ఉంది. ఆవరణలో గడ్డి కోసి ఉంది. రాళ్ళ మధ్య తను నడుస్తూ ఉంది, మేము గేటు దగ్గర నిలబడ్డాం. తను ఏం చదివిందో, ఏం వెతికిందో అడగలేదు. వచ్చాక ఒక్క మాటంది. "వీళ్ళు శవాలకి కూడా పునరావాసం ఇచ్చారే."

మర్నాడు పొద్దున్న ఏడింటికి తను వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. ఇక్కడ పదకొండున్నర. ఆయన మిరప తోటలో కూలి పనిలో ఉన్నాడు. స్పీకర్ పెట్టింది, మేమూ విన్నాం.

"నాన్నా, తాతని ఎక్కడ పెట్టారు?"

"అదేంటమ్మా, అంత దూరం నుంచి అదా అడగడం. అన్నం తిన్నావా?"

"తిన్నాను. చెప్పు నాన్నా."

"చింతచెట్టు కింద. మన పాత చింత, వాగు పక్కది. మొదట్లో నీళ్ళు నిండినా కొమ్మలు కనపడేవి. పడవలో పోయేటప్పుడు మీ తమ్ముడికి చూపించేవాణ్ణి, అదిగో మీ తాత అని. రెండేళ్ళయింది. ఇప్పుడు కొమ్మలు కూడా కనపడట్లేదు."

తర్వాత ఆయన మళ్ళీ అన్నం గురించే అడిగాడు. చలిగా ఉందా, స్వెట్టర్ వేసుకున్నావా అని అడిగాడు.

వచ్చి నెల దాటింది. హాస్టల్‌లో మళ్ళీ రోల్ కాల్, మళ్ళీ నీళ్ళ పప్పు. మేము ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాం. దసరా సెలవుల్లో ఇళ్ళకి వెళ్ళినప్పుడు తాతల్ని, అవ్వల్ని కూర్చోబెట్టి రాస్తున్నాం. ఏ దారిలో సంతకి నడిచేవారు, ఆ దారి పేరేంటి, ఏ గట్టు మీద శంకుదేవుడి పూజ, ఏ వాగు దగ్గర డోలీ దించి మోసేవాళ్ళు మారేవారు, ఎవరిని ఎక్కడ పెట్టారు. పాడేరు పక్క మూడు గూడేలవి అయ్యాయి. ఇంగ్లండ్‌లో ఆ దారులు మూతపడకుండా ఉన్నది ఎక్కడో ఒక మ్యాప్‌లో రాసి ఉన్నాయి కాబట్టే అని అమ్మమ్మ అంది. మన దగ్గర ఆ మ్యాప్ ఎవరు గీస్తారో ఇంకా తెలియదు గానీ, పేర్లయినా ఉండాలి కదా. అటవీ హక్కుల చట్టం కింద వేసిన దరఖాస్తుల్లో ఇలాంటివి పనికొస్తాయని మా సీనియర్ అక్క ఒకరు చెప్పారు, 2006 చట్టం చదివినవాళ్ళు ఇంకొంచెం వివరంగా చెప్పగలిగితే మంచిది.

గోదావరి పక్క మునిగిన ఊళ్ళ వాళ్ళు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు. మీ ఊరి పేరు, దాటాల్సిన వాగుల పేర్లు, శ్మశానం ఏ చెట్టు దగ్గర ఉండేదో, మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాయండి. రాయడం రాకపోతే ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసి పంపండి, మేము రాసుకుంటాం. తను వాళ్ళ ఊరిది మొదలుపెట్టింది. మొదటి పేజీలో పైన చింతచెట్టు అని రాసి ఉంది.